రేటింగ్ ఏఐ వేస్తే, జవాబు చెప్పాల్సింది ఎవరు?

వైట్‌ఫీల్డ్ సపోర్ట్ ఉద్యోగి:
బెంగళూరులో మా కస్టమర్ సపోర్ట్ టీమ్‌లో ఈ ఏడాది నుంచి కాల్స్‌కి మార్కులు వేసేది ఏఐ సాఫ్ట్‌వేరే. మొన్న ఒక పెద్దాయన రిఫండ్ రాలేదని గట్టిగా అరిచారు. నేను అడ్డు తగలకుండా ఆయన చెప్పేదంతా విని, డబ్బు వెనక్కి వేయించాను. థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేశారు. స్కోరు చూస్తే బాగా తక్కువ. 'మౌనం ఎక్కువ, సానుభూతి మాటలు లేవు' అట. టీమ్ లీడ్‌ని అడిగితే "సిస్టమ్ ఇచ్చింది, నా చేతుల్లో ఏమీ లేదు" అన్నారు. నా హైక్ దీని మీదే ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది. ఇది న్యాయమేనా?

ఎలక్ట్రానిక్ సిటీ హెచ్ఆర్:
మీ బాధ అర్థమైందండీ. కానీ పాత పద్ధతి మాత్రం ఏం బాగుంది? మేనేజర్‌తో టీకి వెళ్ళేవాళ్ళకి ఒక రేటింగ్, మెటర్నిటీ లీవ్ నుంచి తిరిగొచ్చిన అమ్మాయికి ఇంకో రేటింగ్. అప్రైజల్ మీటింగుల్లో కూర్చుని కళ్ళారా చూశాను. వందల కాల్స్‌లో నాలుగైదు విని మార్కులు వేసేవాళ్ళు. సాఫ్ట్‌వేర్ అన్నీ వింటుంది, అందరికీ ఒకే కొలత.

బెళ్లందూరు డెవలపర్:
మేడం, ఆ కొలతే వంకరగా ఉంటే? రెజ్యూమెలు వడబోయడానికి అమెజాన్ తయారుచేసుకున్న టూల్ సంగతి 2018లో బయటపడింది. దానికి పాత రెజ్యూమెలతో నేర్పారు, వాటిలో మగవాళ్ళవే ఎక్కువ. దాంతో అది ఆడవాళ్ళ రెజ్యూమెలకి మార్కులు తగ్గించడం మొదలుపెట్టింది. చివరికి ఆ టూల్‌ని పక్కన పెట్టేశారు. మీరు చెప్పిన మేనేజర్ల రేటింగులతోనే సాఫ్ట్‌వేర్‌కి నేర్పితే ఆ పక్షపాతం పోదు, నిలదీయడానికి మనిషి మాత్రం ఉండడు.

ఏఐని ఆపేయమని నేను అనను. హైక్‌నీ ఉద్యోగాన్నీ తేల్చే ప్రతి నిర్ణయానికీ ఒక మనిషి బాధ్యత తీసుకోవాలి, స్కోరు మార్చే అధికారం ఆ మనిషికి ఉండాలి. కర్ణాటక 2025లో తెచ్చిన గిగ్ వర్కర్ల (యాప్‌ల ద్వారా పనిచేసేవాళ్ళ) చట్టం ప్రకారం డెలివరీ కుర్రాడిని తీసేయాలంటే మామూలుగా 14 రోజుల ముందే కారణం రాసి నోటీసివ్వాలి. అదే ఊళ్ళో ఏసీలో కూర్చున్న మన సంగతి చూడండి. 2023 డేటా రక్షణ చట్టం సెక్షన్ 7, ఉద్యోగ అవసరాలకైతే మన అంగీకారం లేకుండానే యజమాని మన డేటా వాడుకోవచ్చంటోంది. యూరప్‌లోనేమో గొంతూ ముఖమూ పట్టి ఉద్యోగుల భావోద్వేగాలు అంచనా కట్టే ఏఐని, వైద్య, భద్రతా అవసరాలకు తప్ప, 2025 ఫిబ్రవరి నుంచి నిషేధించారు.

ఎలక్ట్రానిక్ సిటీ హెచ్ఆర్:
బాధ్యత అంటే చివరికి సంతకమే కదండీ. మూడు వందల మంది స్కోర్లు ముందు పెడితే ఏ మేనేజరైనా చదవకుండానే సంతకం పెట్టేస్తాడు. మా దగ్గర జరిగేది అదే.

బెళ్లందూరు డెవలపర్:
నిజమే, అందుకే అప్పీల్ ఉండి తీరాలి. ఐటీ కంపెనీలకి స్టాండింగ్ ఆర్డర్స్ (ఉద్యోగ షరతులు రాసి పెట్టాలనే నిబంధనలు) నుంచి మినహాయింపును 2024లో మరో అయిదేళ్ళు పొడిగించినప్పుడు, ఉద్యోగుల ఫిర్యాదులు వినే గ్రీవెన్స్ కమిటీ ఉండాలని కర్ణాటక ప్రభుత్వం షరతు పెట్టింది. తమ్ముడూ, మీ కంపెనీలో కమిటీ ఉందేమో కనుక్కుని, కాల్ నంబరుతో సహా మెయిల్ పెట్టు.

ఎలక్ట్రానిక్ సిటీ హెచ్ఆర్:
స్కోరు తప్పని వాదించకండి, సాఫ్ట్‌వేర్ అమ్మిన వెండర్ రిపోర్టు పంపి ఊరుకుంటారు. "ఈ రికార్డింగ్ మనిషెవరైనా విన్నారా, విన్నది ఎవరు?" అని అడగండి. రాతపూర్వకంగా జవాబు కోరండి.