మొక్కజొన్న చేలో చిలకలు: వినపడని శబ్దంతో తోలే మిషన్ పనిచేస్తుందా?

గరివిడి రైతు:

అందరికీ నమస్కారం. మాది గరివిడి పక్కన పల్లె. వరి కోసిన మడిలో మొక్కజొన్న వేశాను. ఇప్పుడు గింజ పాలు పోసుకుంటోంది. తెల్లారేసరికి చిలకలు గుంపులుగా దిగిపోతున్నాయి. ఒక పొత్తు పూర్తిగా తిన్నా బాధ ఉండదు. పైన చీల్చి, నాలుగు గింజలు కొరికి, ఇంకో పొత్తు మీదకి పోతాయి. చీల్చిన చోట మంచు దిగి బూజు పడుతోంది. చెరువు గట్టున తాటిచెట్ల వైపు వరుసలు చూస్తే ఏడుపొస్తోంది.

ఒక షాపులో సోలార్‌తో నడిచే అల్ట్రాసోనిక్ మిషన్ కొన్నాను. మనుషులకి వినపడదు, పిట్టలు మాత్రం భరించలేవు అన్నారు. పెట్టిన రోజు చిలకలు రాలేదు. తర్వాత మామూలే, ఒకటైతే దాని మీదే వాలింది. మా కుక్క మాత్రం అటు రావడం మానేసింది. మిషన్ పాడైందా, లేక పెట్టడంలో ఏమైనా లోపమా? తెలిసినవాళ్లు చెప్పండి.

బొబ్బిలి అప్ప:

తమ్ముడూ, మా చేలో అన్నీ చూశాం. దిష్టిబొమ్మ పెట్టాం, పాత క్యాసెట్ల టేపు కట్టాం, కార్బైడ్ గన్ను కూడా పేల్చాం. మొదట్లో గన్ను పేలితే అరమైలు పోయేవి. తర్వాత తర్వాత లేచి, పక్క చెట్టు మీద వాలి, పొగ పోయేలోపే మళ్లీ దిగేవి. మా నాన్న మంచె మీద కూర్చుని వడిసెల తిప్పుతుంటే మాత్రం ఒక్కటీ దిగేది కాదు. రాయి తగిలేది కూడా కాదు, ఆ గాలి చప్పుడుకే పోయేవి. గన్నుకి బెదరనివి వడిసెలకి ఎందుకు బెదిరేవో నాకు అర్థం కాదు.

టెక్కలి మాస్టారు:

బాబూ, మీ మిషన్ బాగానే ఉంది. మీ ప్రశ్నకి జవాబు మీ కుక్కే చెప్పేసింది. నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను, పక్షులంటే నాకు ప్రాణం. కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మనిషి చెవి సెకనుకి 20 కంపనాల నుంచి 20,000 దాకా వింటుంది. కుక్క 40,000 దాటినా వింటుంది, ఎలుక ఇంకా పైకి పోతుంది. పక్షి అలా కాదు. చాలా పక్షులకి బాగా వినపడేది 1,000 నుంచి 4,000 మధ్య. 10,000 దాటితే దాదాపు ఏమీ వినపడదు. మీకు అమ్మిన మిషన్ శబ్దం 20,000 పైన ఉంటుంది, అల్ట్రాసోనిక్ అంటే అర్థమే అది. ఆ శబ్దం మనకే కాదు, చిలకకీ వినపడదు. కుక్కకి వినపడుతుంది కాబట్టి అది పారిపోయింది. దయచేసి ఆ మిషన్ తీసేయండి, పాపం దానికి నరకం. మొదటి రోజు చిలకలు రానిది శబ్దానికి కాదు, చేలో కొత్త వస్తువు కనపడినందుకు.

చిలకకి చెవి డొప్ప ఉండదు. కంటికి వెనక, కాస్త కిందగా, ఈకల చాటున రంధ్రం ఉంటుంది. మన మధ్య చెవిలో మూడు ఎముకలుంటే పక్షికి ఒకటే. కంపనాలు మరీ ఎక్కువున్న శబ్దాలు అందకపోవడానికి అదొక కారణం. అలాగని పక్షి చెవి తక్కువదని అనుకోవద్దు. కోడి 20 కంపనాల కన్నా తక్కువ శబ్దం కూడా వింటుంది, మనకది అందదు.

అప్పగారి ప్రశ్న చాలా మంచిది. పక్షి పట్టించుకునేది శబ్దం ఎంత పెద్దదని కాదు, దాని వెనక ఏముందని. గన్ను ఒకే చోట నుంచి పేలుతుంది, ఎవరికీ ఏమీ కాదు. అది వట్టి చప్పుడని చిలక నేర్చేసుకుంటుంది. వడిసెల తిప్పే మనిషి కదులుతాడు, చూస్తాడు, రాయి విసురుతాడు. ఆ గాలి చప్పుడు వస్తే వెనకే రాయి వస్తుందని దానికి తెలుసు.

మీ పెరట్లో కోళ్లను గమనించండి. పైన గద్ద కనపడితే పుంజు సన్నగా, సాగదీసి కూస్తుంది. పిల్లలు ఎక్కడివక్కడే నక్కుతాయి. అదే ముంగిసో కుక్కో నేల మీద వస్తే కొక్కొక్ అని తెగ అరుస్తుంది, అప్పుడు మిగతావి మెడ నిక్కించి చూస్తాయి. గద్ద కోసం వేసే సన్న కూత ఎక్కణ్నుంచి వచ్చిందో పట్టుకోవడం కష్టం, అరిచిన కోడికి అదే రక్ష. ఆపద ఏ వైపు నుంచో కూడా ఆ గొంతే చెప్పేస్తోంది!

గుడ్లగూబ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అది మన మడుల్లో ఎలుకల్ని తింటుంది. తెల్ల మొహం గుడ్లగూబకి రెండు చెవులూ ఒకే ఎత్తులో ఉండవు. శబ్దం ఒక చెవికి ముందు, ఒక చెవికి గట్టిగా చేరుతుంది. ఆ తేడాతో చీకట్లోనే ఎలుక చోటు లెక్కగడుతుంది. రోజర్ పేన్ అనే శాస్త్రవేత్త చిమ్మచీకటి గదిలో మెత్తటి ఫోమ్ మీద ఎలుకను నడిపించి, తోకకి ఎండుటాకు కట్టి చూశారు. గుడ్లగూబ ఎలుకను వదిలి ఆకు మీద దూకింది. ఈ పరిశోధన 1971లో అచ్చయింది. అపశకునమని దాన్ని తరిమేవాళ్లు మన జిల్లాల్లో ఇంకా ఉన్నారు. రైతులైనా ఆ పని మానాలి.

గరివిడి రైతు:

మాస్టారూ, మిషన్ ఇప్పుడే తీసేశాను. పట్టుబడిన చిలక అరుపు ఫోన్లో వినిపిస్తే పారిపోతాయా? మా బావమరిది చెప్పాడు.

టెక్కలి మాస్టారు:

పారిపోతాయి, అది వాటి భాష కదా. ఆపదలో అరిచే అరుపులు రికార్డు చేసి వినిపించే పరికరాలున్నాయి, గన్ను కన్నా అవి ఎక్కువ రోజులు పనిచేస్తాయి. అయితే రోజంతా మోగిస్తే దానికీ అలవాటు పడతాయి. గుంపు దిగే సమయానికే, కొద్దిసేపు, ప్రతిసారీ చోటు మార్చి వినిపించండి. చిలకల్ని పట్టి అరిపించి రికార్డు చేయొద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చిలకను పట్టడం, చంపడం నేరం.

తేలుకుంచి కుర్రాడు:

మాస్టారూ, మా ఊళ్లో చెట్ల నిండా నత్తగుల్ల కొంగలు గూళ్లు కడతాయి. పెళ్లిళ్లకి డీజే పెడుతున్నారు, వద్దంటే నామీద కోప్పడుతున్నారు. ఆ శబ్దానికి కొంగలకి చెవుడు వస్తుందా?

టెక్కలి మాస్టారు:

నాయనా, నువ్వు అడిగినందుకు నాకు ఎంత సంతోషమో. పక్షి లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే కణాలు చచ్చినా మళ్లీ మొలుస్తాయి. మనకి మొలవవు. 1980ల చివర్లో ఈ సంగతి తెలిసింది. కాబట్టి డీజే ముందు నిలబడి గంతులేసే పిల్లలకే శాశ్వతంగా చెవులు పోయే ప్రమాదం ఎక్కువ. ఆ మాట పెళ్లివాళ్లకి చెప్పు, వింటారు.

అయితే కొంగకి నష్టం వేరే దారిలో వస్తుంది. తల్లి ఒక్కసారిగా లేచిపోతే గుడ్లు ఎండకి, కాకులకి దొరుకుతాయి. ఇంకా ఎగరలేని పిల్లలు బెదిరి గూటిలోంచి జారి పడతాయి. తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్ల మీద ఉండే కాలంలోనే దీపావళి వస్తుంది, అక్కడా ఇదే భయం. డీజే బాక్సులు చెట్లకి దూరంగా, వేరే వైపు తిప్పి పెట్టించు. టపాసులు మాత్రం చెట్ల దగ్గర అసలు వద్దు.

బొబ్బిలి అప్ప:

మాస్టారూ, మరి చేలకి ఖర్చు లేకుండా ఏదైనా చెప్పండి.

టెక్కలి మాస్టారు:

అమ్మా, చిలకలు ఎక్కువగా కొట్టేది చెట్లకి దగ్గరున్న గట్టు వరుసల్నే. ఆ వరుసల్లో మొక్క ఆకునే పొత్తుకి చుట్టేయండి. పొత్తు కనపడకపోతే వాలవు. ఒకవైపు ఎరుపు, ఒకవైపు వెండి రంగు ఉన్న మెరుపు రిబ్బన్‌ని మెలి తిప్పి, పైరు కన్నా కొంచెం ఎత్తులో కట్టండి. ఎండకి మెరుస్తుంది, గాలికి రొద చేస్తుంది. గింజ గట్టిపడేదాకా తెల్లవారుజామున, సాయంత్రం ఒక మనిషి గట్ల మీద తిరగాలి. పొద్దున మీరే వెళ్లండి, మిట్టమధ్యాహ్నం కాపలా అక్కర్లేదు.