కానలెట్టో వెనిస్ బొమ్మలు: చేతి పనా, కెమెరా పనా?

నీలిరేవు:
18వ శతాబ్దపు వెనిస్ ఎలా ఉండేదో చూడాలంటే ఎవరైనా ముందు కానలెట్టో బొమ్మలే చూపిస్తారు. అసలు పేరు జొవాన్ని ఆంతోనియో కనాల్ (1697–1768). ఆయన కెమెరా అబ్‌స్క్యూరా వాడేవాడని ఎప్పటినుంచో అంటున్నారు. అది ఒక చీకటి పెట్టె. కటకం గుండా బయటి దృశ్యం లోపల కాగితం మీద పడుతుంది, దాని మీద పెన్సిల్‌తో గీసుకోవడమే. వెనిస్‌లోని కొర్రెర్ మ్యూజియంలో ఆయన పేరున్న పెట్టె ఒకటి ఉంది కూడా. పడిన నీడ వెంట గీత దిద్దడం నైపుణ్యమే, కాదనను. కానీ దానికి గొప్ప చిత్రకారుడు అనే పేరు ఇవ్వలేను. మీరేమంటారు?

గీతలపుస్తకం:
నేను గట్టిగా కాదంటాను. పెట్టె వాడాడా లేదా అన్నది పక్కన పెట్టి, కాన్వాస్ మీద ఏముందో చూద్దాం.

వెనిస్ మధ్యలో పారే పెద్ద కాలువ గ్రాండ్ కెనాల్. దాని చిత్రాల్లో చాలావాటికి ఒకే చోటు నుంచి చూసిన దృశ్యం లేదు. ఎడమ వైపు భవనాలు ఒక చోటు నుంచి, కుడి వైపువి ఇంకో చోటు నుంచి చూసి కలిపాడు. అవసరమైతే కాలువను వెడల్పు చేశాడు. కటకం ఈ పని చేయదండి. అది ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది, అంతే.

ఆయన తండ్రి బెర్నార్దో నాటకశాలలకు తెరలు గీసేవాడు. కొడుకు కూడా ఆ పనిలోనే సాధన చేసి, 1719లో తండ్రితో పాటు రోమ్ వెళ్ళి ఒపెరాలకు తెరలు గీశాడు. ప్రేక్షకుడి కన్ను ఎక్కడ ఆగాలో, లోతు ఎలా పుట్టించాలో ఆ రంగస్థలం దగ్గరే నేర్చుకున్నాడని నా నమ్మకం. ఆయన కాలువలు వేదికలా తెరుచుకోవడానికి కారణం అదే.

ఇంకొకటి. ఆ కాలువ మీద రియాల్టో అనే చోట కట్టడానికి 16వ శతాబ్దపు వాస్తుశిల్పి పల్లాదియో ఒక వంతెన నమూనా వేశాడు. దాన్ని ఎవరూ కట్టలేదు. కానలెట్టో ఆల్గరొట్టి అనే రసికుడి కోరిక మీద ఆ వంతెనను గ్రాండ్ కెనాల్ మీద నిలబెట్టి, పక్కన విచెంజా అనే వేరే ఊళ్ళోని పల్లాదియో భవనాలను తెచ్చిపెట్టాడు. లేని వంతెన మీద ఎండ ఎటు పడుతుందో ఏ పెట్టె చెబుతుంది?

పాతకాగితం:
గీతలపుస్తకం గారూ, మీ ఉత్సాహం బాగుంది కానీ సాక్ష్యాన్ని తేలిగ్గా తోసేయకండి. సమకాలికుడు జానెట్టి 1771లోనే కానలెట్టో ఆ పరికరాన్ని వాడిన సంగతి రాశాడు. వెనిస్ అకడమియా గ్యాలరీలో ఉన్న ఆయన స్కెచ్ పుస్తకంలో భవనాల రూపురేఖలు పక్కపక్క పేజీల్లో వరుసగా సాగుతాయి. పెట్టెను కొద్దికొద్దిగా తిప్పుతూ గీసినట్టే ఉంటాయి.

పైగా 2003లో వచ్చిన ఒక పరిశోధన ఆయన చిత్రాల్లో గోడల మీద నీళ్ళు తగిలే మేర పట్టే నాచు గీత ఎత్తును ఇప్పటి గీతతో పోల్చి, వెనిస్ సుమారు 60 సెంటీమీటర్లు నీటిలోకి దిగిందని లెక్క కట్టింది. ఊహ అయితే శాస్త్రవేత్తలు నమ్ముతారా?

గీతలపుస్తకం:
పాతకాగితం గారూ, జానెట్టి మాట పూర్తిగా చదవండి. ఆ పరికరాన్ని సరిగ్గా వాడడం నేర్పాడని అంటూనే, దాన్నే పూర్తిగా నమ్ముకుంటే వచ్చే లోపాల గురించీ హెచ్చరించాడు. పరికరం చూపే తప్పును పట్టుకోగల కన్ను ఉన్నవాడి గురించిన మాట అది.

ఇంగ్లండ్ రాచ సేకరణలోని కానలెట్టో డ్రాయింగులను ఇన్‌ఫ్రారెడ్‌తో పరీక్షిస్తే సిరా కింద పెన్సిల్ గీతలు, స్కేలు పెట్టి గీసినవి, దిద్దుళ్ళు బయటపడ్డాయి. కెమెరా జాడ లేదని 2017లో అక్కడివాళ్ళు ప్రకటించారు. దాంతో వాదం ముగిసిందని నేను అనను. స్కెచ్ పుస్తకం మీ వైపే మాట్లాడుతుంది. నాచు గీత విషయంలోనూ మీది సరైన మాటే. రాయి, తడి, మరక దగ్గర ఆయన చాలా నిజాయితీగా ఉండేవాడు. స్వేచ్ఛ అంతా ఆ రాళ్ళను ఎలా పేర్చాలి అనేదగ్గరే తీసుకున్నాడు.

నీలిరేవు:
సరే, కానీ వ్యాపారం మాటేమిటి? జోసెఫ్ స్మిత్ అనే ఇంగ్లిష్ వర్తకుడు ఆర్డర్లు తెచ్చేవాడు, పర్యటనకు వచ్చిన ధనవంతులు కొనేవారు. 1762లో స్మిత్ తన సేకరణను ఇంగ్లండ్ రాజు మూడో జార్జికి 20,000 పౌండ్లకు అమ్మాడు. 1740ల్లో యుద్ధంతో కొనేవాళ్ళు తగ్గిపోతే కానలెట్టో 1746లో లండన్ వెళ్ళాడు. చివరి దశ చిత్రాల్లో నీటి అలలు అన్నీ ఒకే తెల్ల వంపు, మనుషులు చుక్కలు. అది చూస్తే యాంత్రికమనే అనిపిస్తుంది.

గీతలపుస్తకం:
చివరి దశ గురించి మీతో ఏకీభవిస్తాను. ఆ అలలు నాకూ నచ్చవు. కానీ అవి యాంత్రికం కావడానికి కారణం చెయ్యి అలవాటు పడిపోవడం, కెమెరా కాదు. కెమెరాలో నీరు ప్రతిసారీ వేరుగా కనిపిస్తుంది కదా.

లండన్ నేషనల్ గ్యాలరీలోని ‘రాతిపనివాళ్ళ ప్రాంగణం’ చూడండి, సుమారు 1725 నాటిది. ముందు చెక్కుతున్న రాళ్ళు, ఓ మూల పడిపోయిన పిల్లవాడు, వాడి కోసం చేతులు చాచి పరిగెత్తే తల్లి, కిటికీ మీద కోడిపుంజు. కాలువ అవతల చర్చి గంట గోపురం. అది 1744లో కూలిపోయింది. పరిగెత్తే మనిషి చీకటి పెట్టెలో గీత దిద్దేంతసేపు ఆగదు. ఆ తల్లి ఆయన కన్ను పట్టుకున్నది, చెయ్యి గుర్తుపెట్టుకున్నది.

చనిపోవడానికి రెండేళ్ళ ముందు, 1766లో, సాన్ మార్కో చర్చిలో పాడే గాయకులను గీసి, 68 ఏళ్ళ వయసులో కళ్ళజోడు లేకుండా గీశానని కింద రాసుకున్నాడు. తన చూపును తాను ఎంత గర్వంగా చూసుకున్నాడో తెలుస్తుంది. నీలిరేవు గారూ, పల్లాదియో వంతెన గురించి మీరింకా ఏమీ చెప్పలేదు. దాన్ని ఏ కటకంలోంచి చూశాడంటారు?