పిస్టల్ రీలోడింగ్‌కి పౌడర్ ఎక్కడ దొరుకుతుంది, ఏది కొనాలి?

ప్లేనో నుంచి కొత్త సభ్యుడు:

అందరికీ నమస్కారం. ఈ మధ్యే హెచ్-1బీ మీద డాలస్ వైపు వచ్చాను. మా టీమ్‌లో ఒకతను శనివారాలు రేంజ్‌కి (తుపాకీ కాల్చడం సాధన చేసే చోటు) వెళ్తాడు, తన 9 ఎంఎం తూటాలు ఇంట్లోనే తయారు చేసుకుంటాడు. వాళ్ళింట్లో ఆ పని చూశాక నాకూ నేర్చుకోవాలని బాగా ఆసక్తి పుట్టింది. ముందు ఒక ప్రెస్ (తూటా భాగాలని కలిపి బిగించే యంత్రం), కాస్త పౌడర్ (తూటాలో మండే మందు) కొనిపెట్టుకుని పుస్తకం చదువుకుంటూ ఉందామని, పిస్టల్ సంగతి తర్వాత చూద్దామని ఆలోచన. కానీ పౌడర్ పేర్లు చూస్తే తల తిరిగిపోతోంది. టైట్‌గ్రూప్, హెచ్‌పీ-38, యునీక్, ఎన్320... ఏది కొనాలి? ఎక్కడ కొనాలి? మనవాళ్ళలో ఎవరైనా చేస్తున్నారా?

ఫ్రిస్కో నుంచి జవాబు:

తమ్ముడూ, స్వాగతం. నేను చాలా ఏళ్ళుగా చేస్తున్నాను, పౌడర్ గురించి తప్పకుండా చెప్తాను. కానీ నీ ఉత్తరంలో "ముందు పౌడర్, తర్వాత పిస్టల్" అన్న మాట చూసి ఉన్నపళంగా రాస్తున్నాను. ఇది పూర్తిగా చదివేదాకా ఏమీ కొనకు.

అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ అమ్యూనిషన్ గానీ దగ్గర ఉంచుకోకూడదు. హెచ్-1బీ, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 అన్నీ ఇందులోకే వస్తాయి. ఇది 18వ టైటిల్‌లో 922వ సెక్షన్. తుపాకీ సంగతి మనవాళ్ళలో చాలామందికి తెలుసు. తెలియనిది దానికి ముందున్న 921వ సెక్షన్‌లోని నిర్వచనం. అక్కడ అమ్యూనిషన్ అంటే తయారైన తూటా ఒక్కటే అని లేదు. ఖాళీ కేసులు (తూటా తొడుగులు), ప్రైమర్లు (అడుగున నిప్పు రాజేసే బిళ్ళలు), బుల్లెట్లు (తూటా కొనన ఉండి దూసుకెళ్ళే ముక్కలు), ప్రొపెల్లెంట్ పౌడర్, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అమ్యూనిషనే. అంటే పిస్టల్ లేకపోయినా, ఒక్క తూటా తయారు చెయ్యకపోయినా, నీ అల్మారాలో పౌండు పౌడర్ డబ్బా ఉంటే చాలు, ఆ సెక్షన్ నీకు వర్తిస్తుంది. ప్రెస్, డైలు (ప్రెస్‌లో బిగించే అచ్చులు), త్రాసు మాత్రం ఇనుప సామాను. అవి కొనుక్కోవచ్చు.

మనవాళ్ళు బోల్తాపడేది ఎక్కడంటే, తుపాకీ కొంటే షాపువాడు 4473 ఫారం నింపిస్తాడు, అందులో వీసా గురించి అడుగుతుంది, అక్కడే ఆగిపోతాం. పౌడర్‌కి ఆ ఫారం లేదు. ర్యాక్‌లోంచి తీసి బిల్లు కట్టి తెచ్చుకోవడమే. టెక్సస్‌లో నిన్నెవరూ ఏమీ అడగరు. అడగలేదు కాబట్టి పరవాలేదు అనుకుంటే పొరపాటు. షాపువాడు అడిగినా అడగకపోయినా నిషేధం నీ మీద ఉంది. శిక్ష గరిష్ఠంగా 15 ఏళ్ళు, 2022లో 10 నుంచి పెంచారు. జైలు మాట అటుంచినా, ఇలాంటి కేసు పడ్డాక వీసా, గ్రీన్ కార్డ్ ఏమవుతాయో వేరే చెప్పక్కర్లేదు.

రెహాయిఫ్ కేసు గురించి చదువు. యూఏఈ నుంచి ఫ్లోరిడాకి చదువుకోడానికి వచ్చిన కుర్రాడు. యూనివర్సిటీ తీసేసింది, దాంతో స్టేటస్ పోయింది, అయినా ఇక్కడే ఉన్నాడు. తర్వాత ఒక రేంజ్‌కి వెళ్ళి కాల్చాడు. రేంజ్‌లో చేత్తో పట్టుకున్న తుపాకులే కేసయ్యాయి. 2019లో సుప్రీంకోర్టు, తన స్టేటస్ ఏమిటో అతనికి తెలుసని కూడా ప్రభుత్వం రుజువు చెయ్యాలని తీర్పు చెప్పింది. ఆ తీర్పు మనకి పెద్దగా ఉపయోగపడదు. తన స్టేటస్ ఏమిటో తెలియని మనవాడు ఎవడున్నాడు? ఐ-94 (దేశంలో ఎన్నాళ్ళు ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు నిద్రలో లేపి అడిగినా చెప్తాం.

మినహాయింపు ఒకటుంది. ఏదైనా రాష్ట్రం చట్టబద్ధంగా ఇచ్చిన హంటింగ్ లైసెన్స్ చెల్లుబాటులో ఉంటే ఈ నిషేధం వర్తించదు. టెక్సస్‌లో తీసుకోవడం పెద్ద కష్టం కాదు. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చెయ్యాలి. ఆ కోర్సు నిజంగా మంచిది, మొక్కుబడిగా చెయ్యకు. కానీ గడువు గుర్తుపెట్టుకో. ఇక్కడి హంటింగ్ లైసెన్స్ ఆగస్టు 31తో అయిపోతుంది, నువ్వు జూన్‌లో తీసుకున్నా సరే. సెప్టెంబర్ 1 పొద్దున కొత్తది చేతిలో లేకపోతే ఇంట్లో ఉన్న డబ్బా మళ్ళీ నేరమే. ఐ-140 (గ్రీన్ కార్డ్ కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయింది కదా, క్యూలో ఉన్నాం కదా అని కొందరంటారు. దాంతో స్టేటస్ మారదు. గ్రీన్ కార్డ్ చేతికొచ్చాక ఈ చిక్కు ఉండదు.

ముందు ఒక ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడు. ఆ ఫీజు దండగ కాదు.

బోస్టన్ శివార్ల నుంచి ఒక సభ్యురాలు:

పైన అన్నగారు చెప్పినదానికి ఒక్కమాట. ఆ ఫెడరల్ లెక్క మీద రాష్ట్రం లెక్క వేరేగా ఉంటుంది. మా మసాచుసెట్స్‌లో రాష్ట్ర చట్టం కూడా పౌడర్, ప్రైమర్, ఖాళీ కేసులను అమ్యూనిషన్‌గానే చూస్తుంది. లైసెన్స్ కార్డు లేకుండా ఉంచుకోకూడదు. టెక్సస్ నుంచి ఉద్యోగం మారి ఇటు వచ్చేవాళ్ళు గరాజ్ సామానంతా ట్రక్కులో పడేసుకుని వచ్చేస్తుంటారు. బయలుదేరే ముందే కనుక్కోండి.

ప్లేనో నుంచి కొత్త సభ్యుడు:

అన్నా, అక్కా, చాలా థాంక్స్. పౌడర్ డబ్బా కూడా లెక్కలోకి వస్తుందని అస్సలు తెలియదు. లాయర్ అపాయింట్‌మెంట్ తీసుకున్నాను, హంటర్ ఎడ్యుకేషన్‌కి పేరిచ్చాను. అవన్నీ అయ్యాకే కొంటాను. కానీ ఈలోపు చదువుకుని ఉంటా. ఏ పౌడర్ అన్నది చెప్పండి.

ఫ్రిస్కో నుంచి జవాబు:

మంచి పని చేశావు. ఇప్పుడు తీరిగ్గా చెప్తాను.

ముందు తెలుసుకోవాల్సింది కాలే వేగం. అన్నీ స్మోక్‌లెస్ పౌడర్లే అయినా కొన్ని ఎండు తాటాకులా భగ్గుమంటాయి, కొన్ని మొద్దులా నిదానంగా కాలతాయి. పిస్టల్ బ్యారెల్ పొట్టిది కాబట్టి దానికి వేగంగా కాలేవి కావాలి. టైట్‌గ్రూప్, బుల్స్‌ఐ, ఎన్320, హెచ్‌పీ-38 ఆ వైపువి. యునీక్, సీఎఫ్ఈ పిస్టల్, పవర్ పిస్టల్ (ఇవీ పౌడర్ పేర్లే) మధ్యలోవి. హెచ్110, 2400 లాంటివి .357 మాగ్నమ్, .44 మాగ్నమ్ రివాల్వర్ల కోసం, ఇప్పుడు నీకు వాటితో పనిలేదు. వేగాల పట్టికలు నెట్‌లో బోలెడు. అవి ఏది ఏ వరసలో ఉందో చూపిస్తాయి, అంతే. పట్టికలో పక్కపక్కన ఉన్నాయి కదా అని ఒకదాని కొలత ఇంకోదానికి వాడితే పిస్టల్ పగలొచ్చు, చెయ్యీ పోవచ్చు.

కొత్తవాళ్ళకి నేను చెప్పే మొదటి లక్షణం వేరు. కేసు ఎంత నిండుతుంది అన్నది చూడు. టైట్‌గ్రూప్ చాలా పేరున్న పౌడర్, పొదుపు కూడా. కానీ అది కొంచెమే పడుతుంది, కేసులో అడుగున ఎక్కడో ఉంటుంది. పొరపాటున రెండుసార్లు పోసినా పొంగిపోదు, బుల్లెట్ మామూలుగానే కూర్చుంటుంది, పైకి తేడా తెలియదు. అది రెట్టింపు ఛార్జి. .38 స్పెషల్ అనే రివాల్వర్ తూటాలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. అది బ్లాక్ పౌడర్ (పాతకాలపు నల్లమందు) కాలంలో కొలతలు పెట్టిన పొడవాటి కేసు, ఇప్పటి పౌడర్ అందులో ఒక మూలకి సరిపోతుంది. అందుకే మొదటి డబ్బాగా కాస్త ఎక్కువ చోటు తీసుకునేదాన్ని ఎంచుకో.

ఇంకోటి కొలతలో నిలకడ. పౌడర్ మెజర్ (కొలిచి పోసే పరికరం) పిడి తిప్పిన ప్రతిసారీ ఒకేలా పడాలి. హెచ్‌పీ-38 గింజలు అణగదొక్కిన బంతుల్లా సన్నగా ఉంటాయి, నీళ్ళలా జారతాయి. యునీక్ పలచటి రేకులు, అప్పుడప్పుడు అడ్డుపడి హెచ్చుతగ్గులు వస్తాయి. ఎన్320 ఫిన్లండ్‌లో చేస్తారు, శుభ్రంగా కాలుతుంది, పోటీల్లో కాల్చేవాళ్ళు దాన్ని వదలరు, ఖరీదు ఎక్కువ. నన్నడిగితే 9 ఎంఎంకి హెచ్‌పీ-38తో మొదలుపెట్టు. అది దొరక్కపోతే వించెస్టర్ 231 తీసుకో, రెండూ ఒకే పౌడర్, పేర్లే వేరు. హెచ్110, వించెస్టర్ 296 కూడా అలాగే. ఈ సంగతి తెలియక చాలామంది ఒకటి ర్యాక్‌లో ఉండగానే రెండోదాని కోసం వెతుకుతూ తిరుగుతారు.

కొలత సంఖ్యలు నేను ఇవ్వను, ఇక్కడ ఇంకెవరైనా ఇచ్చినా తీసుకోకు. హాడ్జ్‌డన్ కంపెనీ ఏ బుల్లెట్‌కి ఎంత పౌడర్ అన్న తన డేటా మొత్తం ఉచితంగా సైట్‌లో పెట్టింది. హెచ్‌పీ-38, టైట్‌గ్రూప్, వించెస్టర్, అక్యురేట్, రామ్‌షాట్ అన్నిటి డేటా అక్కడ దొరుకుతుంది. నీ బుల్లెట్ బరువు, రకం, మొత్తం పొడవు సరిపోయే వరస చూసుకుని, మొదలుపెట్టమన్న సంఖ్య దగ్గరే మొదలుపెట్టు. డేటా చూశాకే పౌడర్ కొను. డబ్బా కొన్నాక డేటా వెతికితే నీ బుల్లెట్‌కి ఉండకపోవచ్చు.

మనవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాల్సిన మాట. ఇక్కడ పౌడర్ తూచేది గ్రెయిన్లలో, గ్రాముల్లో కాదు. ఒక గ్రాముకి 15.43 గ్రెయిన్లు. డిజిటల్ త్రాసులో ఒక బటన్ నొక్కితే యూనిట్ మారిపోతుంది. మనం చిన్నప్పటినుంచీ గ్రాములతో పెరిగాం, తెర మీద జి అక్షరం కనిపిస్తే కన్ను దాటేస్తుంది. జీఎన్ (గ్రెయిన్లు) అని ఉందో లేదో ప్రతిసారీ చూడు. త్రాసుతో వచ్చిన చెక్ వెయిట్ పెట్టి సరిచూసుకో.

పని చేసే పద్ధతి కూడా చెప్తాను. మొదట్లో ప్రోగ్రెసివ్ ప్రెస్ వద్దు, ఒక్కొక్కటే చేసే సింగిల్ స్టేజ్ తీసుకో. 50 గుంటలున్న బ్లాక్‌లో కేసులు నిలబెట్టు. అన్నిటిలో పౌడర్ పోశాక, ఒక్క బుల్లెట్ కూడా పెట్టకముందు, టార్చి పక్కనుంచి వేసి వరస వరసా చూడు. పౌడర్ మట్టం అన్నిటిలో ఒకేలా కనిపించాలి. ఒకటి ఎత్తుగా ఉన్నా, ఒకటి నల్లగా ఖాళీగా ఉన్నా దొరికిపోతుంది. ఖాళీ కేసు కూడా తేలిగ్గా తీసుకునేది కాదు. ప్రైమర్ ఒక్కటే బుల్లెట్‌ని బ్యారెల్‌లోకి నెట్టి మధ్యలో వదిలేస్తుంది, వెనక ఇంకోటి కాలిస్తే బ్యారెల్ ఉబ్బుతుంది. రేంజ్‌లో ఎప్పుడైనా "టప్" అని చప్పుడు తక్కువగా వస్తే ఆపి, విప్పి చూడాల్సిందే.

బల్ల మీద ఎప్పుడూ ఒకే డబ్బా ఉండాలి. పని అయ్యాక మెజర్‌లో మిగిలింది అదే డబ్బాలోకి పొయ్యాలి, రాత్రంతా అందులో వదలకూడదు. మూత తీసిన డబ్బా ఎవరైనా చవగ్గా ఇస్తానంటే వద్దని చెప్పు. లోపల ఉన్నది లేబుల్ మీద ఉన్నదేనని నీకెలా తెలుస్తుంది? అలాగే ఇంకొకరు చేసిన రీలోడ్లు కాల్చకు, నీవి ఎవరికీ అమ్మకు. అమ్మాలంటే తయారీదారు లైసెన్స్ ఉండాలి.

ఎక్కడ కొనాలంటే, మీ దగ్గర ఆలెన్‌లో కబేలాస్, ద కాలనీలో షీల్స్ ఉన్నాయి. చిన్న గన్ షాపుల్లో కూడా అడుగు, పాత ధరలకి అక్కడే దొరుకుతుంటాయి. ఆన్‌లైన్‌లో పౌడర్ వ్యాలీ, మిడ్‌వే యూఎస్‌ఏ. కానీ ఆన్‌లైన్ ఆర్డర్‌కి హజ్‌మ్యాట్ (ప్రమాదకర సరకు రవాణా) ఫీజు పడుతుంది. అది పెట్టెకి, డబ్బాకి కాదు. ఒక్క పౌండు తెప్పిస్తే పౌడర్ ధరకి దాదాపు సగం ఫీజే అవుతుంది. అందుకే మొదటి డబ్బా షాపులో కొను, ఒక్క పౌండు చాలు. పౌండుకి 7000 గ్రెయిన్లు. 9 ఎంఎంకి వేగం పౌడర్ నాలుగైదు గ్రెయిన్లు పడుతుంది కాబట్టి ఒక్క డబ్బాతో సుమారు 1500 తూటాలు. నచ్చాక నలుగురు కలిసి 8 పౌండ్ల డబ్బాలు ఒకే పెట్టెలో తెప్పించుకోవచ్చు, అప్పుడు ఫీజు పంచుకుంటే తేలిగ్గా ఉంటుంది. ఆ నలుగురికీ స్టేటస్ సరిగ్గా ఉండాలి మరి.

ఈ మధ్య సరకు దొరకడం కష్టమైంది. పౌడర్‌కి మూలమైన నైట్రోసెల్యులోజ్‌నే ఫిరంగి గుండ్లకీ వాడతారు, ఉక్రెయిన్ యుద్ధం తర్వాత అది అటే పోతోంది. అందుకని ఒకే పేరు పట్టుకుని కూర్చోకు. నీ బుల్లెట్‌కి డేటా ఉన్న మూడు పౌడర్ల పేర్లు రాసుకుని షాపుకి వెళ్ళు.

బోస్టన్ శివార్ల నుంచి ఒక సభ్యురాలు:

తమ్ముడూ, నువ్వుండేది అపార్ట్‌మెంట్ అయితే లీజు చదువు, చాలా లీజుల్లో మండే పదార్థాల మీద నిబంధన ఉంటుంది. పౌడర్ దాని ఒరిజినల్ ప్లాస్టిక్ డబ్బాలోనే ఉండాలి, ఇంకే సీసాలోకీ మార్చకూడదు. టెక్సస్ గరాజ్ వేడిలో పెట్టొద్దు, ఇంట్లో చల్లగా, పొడిగా, పిల్లలకి అందని చెక్క అల్మారాలో పెట్టు. గాలి చొరని ఇనప పెట్టె వద్దు, నిప్పంటుకుంటే అది బాంబులా పేలుతుంది. మూత తీయగానే ఘాటు వాసన, ఎర్రటి దుమ్ము కనిపిస్తే పౌడర్ పాడైనట్టు, వాడకూడదు.

ఇంకో సంగతి. రేంజ్‌కి తీసుకెళ్ళే సంచీ వేరుగా ఉంచు, దాన్ని ప్రయాణానికి ఎప్పుడూ వాడకు. పౌడర్ విమానంలో క్యాబిన్‌లో గానీ చెకిన్‌లో గానీ తీసుకెళ్ళనివ్వరు. ఇండియాలో అయితే బ్యాగు మూలలో మర్చిపోయిన ఒక్క తూటా ఎక్స్‌రేలో పడినా 1959 నాటి ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. శంషాబాద్‌లో ఇలా పట్టుబడ్డవాళ్ళ వార్తలు పేపర్లో వస్తూనే ఉంటాయి. అమ్మానాన్నలు నీ దగ్గరికొచ్చి తిరిగి వెళ్ళేటప్పుడు సామాను సర్దడానికి ఖాళీ బ్యాగు ఏదైనా ఉందా అని అడుగుతారు. ఆ సంచీ మాత్రం ఇవ్వకు.