సముద్రపు పైతలం మీద శబ్దం చెదరడాన్ని గండికోట నీళ్లలో కొలిస్తే చెల్లుతుందా?

కడప_ఎంటెక్:
నీళ్లలోంచి పంపిన శబ్దం సముద్రపు పైతలానికి తగిలి ఎంత చెదిరి వెనక్కొస్తుందో కొలవడం నా ప్రాజెక్టు. చెన్నై వెళ్లి పడవ మాట్లాడుకుని, అనుమతులు తెచ్చుకోవడం నా వల్ల కాదు. అందుకే గండికోట రిజర్వాయర్‌లో 30 కిలోహెర్ట్జ్‌తో కొలుద్దామనుకుంటున్నా. సీనియర్లు చెల్లదంటున్నారు, నేను చెల్లుతుందంటాను. ఆ పౌనఃపున్యం దగ్గర తరంగదైర్ఘ్యం 5 సెంటీమీటర్లే కదా, రెండు సెంటీమీటర్ల అల లేచినా 20 డిగ్రీల వాలులో వెళ్లే శబ్దానికి ఆ పైతలం గరుకే. మనిషెత్తు అలలు ఎందుకు?

అనంత_ఫిజిక్స్:
గరుకు సంగతి సరే తమ్ముడూ, బుడగల మాటేంటి? ఉప్పునీళ్లలో చిన్న బుడగలు ఒకదాంట్లో ఒకటి తొందరగా కలవవు, అల విరిగాక కూడా చాలాసేపు అలాగే తేలుతూ ఉంటాయి. మంచినీళ్లలో కలిసిపోయి, పెద్దవై, పైకొచ్చి పగిలిపోతాయి. నువ్వు వాడే 30 కిలోహెర్ట్జ్‌కి గట్టిగా స్పందించేది సుమారు 0.1 మిల్లీమీటరు వ్యాసార్ధం ఉన్న బుడగే, సరిగ్గా అదే నీ రిజర్వాయర్‌లో తక్కువ. 1962లో చాప్‌మన్, హారిస్ సముద్రంలో పేలుళ్లతో కొలిచి ఇచ్చిన సూత్రం చూడు, అందులో గాలి వేగం, పౌనఃపున్యం, కోణం ఉంటాయి గానీ బుడగలకు విడిగా లెక్క లేదు, వాటి ప్రభావం ఆ అంకెల్లోనే కలిసిపోయి ఉంటుంది. అలా వచ్చిన సముద్రపు అంకెల పక్కన పెన్నా నీళ్ల అంకెలు పెట్టి పోలుస్తావా?

కడప_ఎంటెక్:
అన్నా, బుడగలు లేకపోవడమే నాకు లాభం. సముద్రంలో గరుకు వల్ల ఎంత, బుడగల వల్ల ఎంత అని విడదీయడమే కష్టం. ఇక్కడ గరుకు ఒక్కటే దొరుకుతుంది.

కర్నూలు_హైడ్రోఫోన్:
దొరకదు. రెండు వైపులా రాతిగోడలున్న లోయ అది. ట్రాన్స్‌డ్యూసర్ (శబ్దాన్ని పంపి, తిరిగొచ్చేదాన్ని పట్టే పరికరం) 10 మీటర్ల లోతున పెట్టావనుకో, 5 డిగ్రీల కోణంలో పైతలం నుంచి తిరిగొచ్చేది 115 మీటర్ల అవతలి నుంచి. గోడ కూడా అంతే దూరంలో ఉంటే రెండు ప్రతిధ్వనులూ ఒకేసారి వచ్చి పడతాయి, అందులో రాయిదే పైచేయి.

కడప_ఎంటెక్:
గాలి లేని తెల్లవారుజామున ఒకసారి రికార్డు చేసి, దాన్ని తీసేస్తే సరిపోదా?

కర్నూలు_హైడ్రోఫోన్:
సరిపోదు. నీళ్లు కదలనప్పుడు పైతలం అద్దం, గోడ ప్రతిధ్వని నేరుగా ఒకసారి, ఆ అద్దంలోంచి ఇంకోసారి వస్తుంది. గాలి లేవగానే రెండో దారి చెదిరిపోతుంది, అంటే నువ్వు తీసేసే నేపథ్యమే మారిపోయింది. లోయ వదిలేసి, నీళ్లు వెడల్పుగా పరుచుకున్న వైపు వెళ్లు. గట్టు మీద గాలి కొలిచి నీళ్ల మీద కూడా అంతే అని రాయకు, గాలి మీటరు పడవలోనే ఉండాలి, ప్రతి పింగ్‌తో (నువ్వు పంపే ఒక్కో శబ్దపు తునకతో) పాటు అల ఎత్తు కూడా రికార్డవ్వాలి.

అనంత_ఫిజిక్స్:
అవన్నీ చేసినా టైటిల్‌లో "సముద్రపు పైతలం" అని పెడితే నేను ఒప్పుకోను. గరుకు నీటితలం అని రాయి, వైవాలో అడిగితే నిలబడతావు.