ఏది అడిగినా 'మీ ఇష్టం' అంటున్న మా అబ్బాయి

పొదిలి నుంచి ఒక తండ్రి:
మా అబ్బాయి నెల్లూరులో హాస్టల్లో ఉండి ఇంటర్ పూర్తిచేసి ఇంటికి వచ్చి మూడు నెలలైంది. ఇంజనీరింగ్‌లో ఏ బ్రాంచి కావాలని అడిగినా, ఒంగోలులో చొక్కా కొంటూ ఏ రంగు తీసుకుంటావని అడిగినా, 'మీ ఇష్టం నాన్నా' అన్న మాట తప్ప వాడి నోట మరొకటి రావడం లేదు. మొదట్లో వినయం అనుకొని లోలోపల మురిసిపోయాను కూడా. మొన్న వాళ్లమ్మ దోసె పోయనా, ఉప్మా చేయనా అంటే అదే జవాబు చెప్పేసరికి భయం వేసింది. నిజానికి ఎంపీసీలో చేర్చింది నేను, కాలేజీని ఎంచింది మా బావమరిది. తన బతుకు తన చేతిలో ఉందన్న నమ్మకం వాడికి ఇప్పుడు ఎలా కలిగించాలి?

కందుకూరు నుంచి ఒక ఉపాధ్యాయురాలు:
అయ్యా, పోలిక అనుకోకుండా వినండి. 1967లో సెలిగ్మన్, మేయర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు కుక్కలపై చేసిన ప్రయోగాన్ని ప్రకటించారు. విద్యుత్ షాకును తామే ఆపుకోగలిగిన కుక్కలు, తర్వాత మరో పెట్టెలో ఉంచినప్పుడు అడ్డుగోడ దూకి తప్పించుకున్నాయి. ఏం చేసినా ఆగని షాకులు తిన్నవాటిలో చాలా వరకు, దూకే వీలున్నా, అక్కడే పడి ఉన్నాయి. నిస్సహాయత అలవాటవుతుందని అప్పట్లో తేల్చిన ఆ ఇద్దరే, మెదడుపై జరిగిన పరిశోధనల తర్వాత, 2016లో తమ సిద్ధాంతాన్ని తిరగరాశారు: ఎడతెగని బాధలో చతికిలబడటం మెదడుకు సహజమేనని, పరిస్థితి తన అదుపులో ఉందన్నదే నేర్చుకోవలసిన సంగతి అని. కాబట్టి ధైర్యవచనాలతో ఒరిగేది తక్కువ. తాను చేసిన పనితో ఫలితం మారడం అతను కళ్లారా చూడాలి. మీరు ముందే తేల్చేసిన విషయంలో మాత్రం అభిప్రాయం అడగకండి. అసలు అడగకపోవడం కంటే అది చెరుపు. నిద్ర, తిండి కూడా తగ్గి ఉంటే ఆలస్యం చేయకుండా మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి.

ఇందుకూరుపేట నుంచి ఒక రొయ్యల రైతు:
అన్నగారూ, మేడమ్ చెప్పిన శాస్త్రం నాకు తెలియదు గానీ, మా వాడికి పదిహేడో ఏట ఒక్క గుంట మేత లెక్క పూర్తిగా అప్పగించాను. చెక్ ట్రే పైకి లాగి, మేత మిగిలిందా, రొయ్యల పేగు నిండుగా ఉందా చూసుకొని, తర్వాతి పూట ఎంత వేయాలో వాడే తేల్చాలి. రెండో వారంలో ట్రేలో మేత మిగిలి కనబడుతున్నా వాడు తగ్గించలేదు. గట్టు మీద నిలబడి అది చూస్తూ మాట్లాడకుండా ఉండటం ఎంత కష్టమో ఏ తండ్రినడిగినా చెబుతాడు. నీరు చెడి వాసన వచ్చింది, కొంత నష్టపోయాం, ఆ నష్టాన్ని పుస్తకంలో వాడి చేతే రాయించాను. మర్నాడు తెల్లవారుజామున నేను లేపకముందే వాడు గట్టు మీద ఉన్నాడు. మనం భరించగలిగినంత నష్టం ఉన్న పనే ఇవ్వాలి లెండి, అన్ని గుంటలూ కాదు.

ఒంగోలు నుంచి ఇంజనీరింగ్ విద్యార్థిని:
బాబాయి గారూ, నేనూ అలా అన్నదాన్నే. అది వినయం కాదు, తప్పయితే నింద నా మీద పడకుండా చూసుకోవడం. ఏ కాలేజీ, ఏ బ్రాంచి కావాలో ఆన్‌లైన్‌లో ఎంచుకునే నా వెబ్ ఆప్షన్లు మా మామయ్య నెట్ సెంటర్లో కూర్చొని పెట్టేశారు; సీటు ఎక్కడ వచ్చిందో నాకు ఫోన్లో తెలిసింది. మీ అబ్బాయి పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉందో ముందు చూడండి.

పొదిలి నుంచి ఆ తండ్రి:
నా చొక్కా జేబులో, చీటీ మీద ఉందమ్మా. ఇప్పుడే వాడి చేతికి ఇచ్చాను. 'ఏం పెట్టమంటారు నాన్నా' అన్నాడు. జవాబు చెప్పకుండా అరుగు మీదికి వచ్చి ఇది రాస్తున్నాను.