హ్యాబిట్ ట్రాకర్ యాప్ ఏది పెట్టుకోమంటారు? ఒక్క నాగా పడితే చాలు, మానేస్తున్నాను

గోదారిగట్టు:
అందరికీ నమస్తే. షుగర్ బోర్డర్‌లో ఉంది, రోజూ 40 నిమిషాలు నడవమ్మా అని మా డాక్టర్ గారు చెప్పి ఏడాది దాటింది. నడక నాకు కష్టం కాదు, మొదలుపెడితే బాగానే నడుస్తాను, సమస్యంతా మధ్యలో తెగిపోయాకే. మొన్న ఒక యాప్‌లో వరసగా 43 రోజులు వచ్చాయి. ఆడపడుచు కూతురి పెళ్లికని తణుకు వెళ్లి రెండు రోజులు నడవలేదు. తిరుగు బస్సులో యాప్ తెరిస్తే 43 ఉన్న చోట పెద్ద సున్నా, ఆ 43 రోజులూ నేను అసలు నడవనే లేదన్నట్టు. ఏడుపొచ్చేసింది. తర్వాత మూడు వారాలు బూట్లు గుమ్మం పక్కనే ఉన్నాయి, కాలు పెట్టలేదు. ఇలా అవడం మూడోసారి. ఆఫీసులో ఒకరు గేమ్ లాంటి యాప్ పెట్టుకోమంటున్నారు, ఇంకొకరు డబ్బు పందెం కట్టే యాప్ అంటున్నారు. నాలాంటి వాళ్లకి ఏది సరిపడుతుంది? ఫోన్ ఆండ్రాయిడ్.

లెక్కలమాస్టారు:
అమ్మా, టిక్ పెట్టిన రోజు ఏ యాప్ అయినా మెచ్చుకుంటుంది. తేడా అంతా నాగా పడిన రోజే తెలుస్తుంది, అది చూసి ఎంచుకోండి. మీకైతే లూప్ హ్యాబిట్ ట్రాకర్ బాగుంటుంది. ఉచితం, ప్రకటనలుండవు, అకౌంట్ తెరవక్కర్లేదు. ఒక్కో అలవాటుకీ శాతంలో ఒక స్కోరు ఉంటుంది, చేసేకొద్దీ పెరుగుతుంది, ఒకటి రెండు రోజులు తప్పితే కొద్దిగా తగ్గుతుంది, అంతేగానీ సున్నాకి పడిపోదు. ‘రోజూ’ అని కాకుండా వారానికి 5 సార్లు అని పెట్టుకోండి, పెళ్లిళ్లూ పండగలూ మిగతా రెండు రోజుల్లో సర్దుకుంటాయి.

ఇంకో మాట. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందితో చేసిన అధ్యయనం 2010లో అచ్చయింది. అలవాటు కుదరడానికి మనిషిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా పట్టొచ్చని లెక్కకట్టారు. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్దగా ఏమీ చెడలేదని కూడా అందులోనే తేలింది. మీ 43 రోజులూ ఎక్కడికీ పోలేదమ్మా, మీ కాళ్లలోనే ఉన్నాయి.

రాత్రిడ్యూటీ:
నాది పూర్తిగా ఉల్టా అక్కా. నా కోసం నేనేదీ చేసుకోను, పక్కవాళ్లకి మాటిస్తే మాత్రం తప్పను. అందుకే హాబిటికా, గేమ్ లాంటి యాప్ అదే. మా వార్డులో నలుగురం నర్సులం కలిసి అందులో ఒక జట్టు (పార్టీ) కట్టాం. ఆటలో రాక్షసుడితో పోరు నడుస్తున్నప్పుడు నేను ఆ రోజు పని వదిలేస్తే దెబ్బ నలుగురికీ తగులుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి, సెలైన్ మార్చి వచ్చి, నిలబడే సీసాడు నీళ్లు తాగి టిక్ పెట్టానంటే ఆ ముగ్గురి వల్లే. ఊరెళ్తే దెబ్బలు తగలకుండా ఆపుకునే సెట్టింగ్ కూడా ఉంది. కానీ సున్నా చూసే అంత బాధపడ్డారు, మీ వల్ల ఇంకొకరికి దెబ్బ తగిలితే ఇంకా కుంగిపోతారు. మీకు వద్దు.

డాలస్‌తెలుగు:
పందెం యాప్ అంటే బీమైండర్ అయుంటుంది. నాలా రేపు చూద్దాంలే అనుకునేవాళ్లకి అది బాగా పనిచేస్తుంది. వెనకబడితే కార్డు మీంచి నిజంగానే డబ్బు పోతుంది, పోనీ లక్ష్యం తగ్గించుకుందామన్నా ఆ మార్పు వారం తర్వాత గానీ అమల్లోకి రాదు, బద్ధకం వేసిన పూట తప్పించుకునే దారి ఉండదు. మీరు వాయిదా వేసే మనిషి కాదండీ, వరసగా 43 రోజులు నడిచారు. మీకు భయం పెట్టక్కర్లేదు.

పాలపిట్ట:
నాకు యాప్ లేదు. అమ్మ పాల లెక్క రాసే వెంకట్రామా క్యాలెండర్ మీదే నా బీపీ మాత్ర లెక్క కూడా. పాలు పోసిన రోజు ఎవరూ గుర్తు పెట్టరు కదా, నాగా పెట్టిన రోజే గడిలో రాస్తారు. నేనూ అంతే, మాత్ర మర్చిపోయిన రోజున ఎర్ర ఇంకుతో చిన్న చుక్క. పోయిన నెల మూడు చుక్కలు, మూడూ ఆదివారాలే, ఆ రోజు లేటుగా లేస్తాను కాబట్టి. ఇప్పుడు శనివారం రాత్రే మాత్రని నీళ్ల బాటిల్ పక్కన పెట్టి పడుకుంటున్నాను. మీరు ఏది పెట్టుకున్నా నాగా వారంలో ఏ రోజున పడుతోందో ఒకసారి చూసుకోండి.

గోదారిగట్టు:
లూప్ వేసుకున్నాను. పాత తేదీలు కూడా ఎక్కించొచ్చని తెలిసి కూర్చుని ఆ 43 రోజులూ పెట్టేశాను. మూడు వారాల ఖాళీ తర్వాత కూడా స్కోరు గీత సున్నాలో లేదు మాస్టారూ, చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాను. ఒక సందేహం, ఎప్పుడైనా 20 నిమిషాలే నడిస్తే టిక్ పెట్టొచ్చా?

లెక్కలమాస్టారు:
టిక్కు బదులు అంకె రాసే రకం కూడా అందులో ఉందమ్మా. వారానికి 200 నిమిషాలు అని పెట్టి, ఏ రోజు ఎంత నడిస్తే అంత వేయండి. 20 కూడా లెక్కలోకే వస్తుంది.