తంబుర శ్రుతి కదలకుండా వినాలంటే ఏ టర్న్‌టేబుల్: స్ప్రింగులదా, తేలికదా, డైరెక్ట్ డ్రైవా?

సికింద్రాబాదు శ్రోత (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా నాన్నగారు సేకరించిన కర్ణాటక సంగీతం ఎల్పీలు, వాటితో పాటు ద్వారం వెంకటస్వామినాయుడు గారి 78 ఆర్‌పీఎం రికార్డులు కొన్ని ఇప్పుడు నా దగ్గరికి వచ్చాయి. మళ్లీ మళ్లీ మార్చే పని లేకుండా ఒక మంచి టర్న్‌టేబుల్ తీసుకోవాలని అనుకుంటున్నాను. లిన్ సాండెక్ ఎల్పీ12, రేగా ప్లానార్ 10, టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200జీ నా దృష్టిలో ఉన్నాయి. ఈ మూడింటి నిర్మాణానికీ ఒకదానితో ఒకటి పొంతన లేదు. మాది అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు, కింద కాంక్రీటు స్లాబు. ఈ తేడాల్లో చెవికి నిజంగా తెలిసేవి ఏవో అనుభవం ఉన్నవారు వివరించగలరా?

విశాఖ రికార్డులు

మీరు స్లాబు సంగతి చెప్పడం మంచిదయింది, ఎందుకంటే స్ప్రింగుల ప్రయోజనం చాలావరకు ఇంటి నేలను బట్టే ఉంటుంది. రికార్డును మోసే పళ్లేన్నీ, సూదిని పట్టుకునే చెయ్యి అయిన టోన్ ఆర్మ్‌నూ ఒకే ఉపచట్రం మీద బిగించి, దాన్ని మూడు స్ప్రింగుల మీద నిలిపే పద్ధతిని అమెరికాలో ఎడ్గార్ విల్చర్ 1961లో ఏఆర్ (అకౌస్టిక్ రీసెర్చ్) సంస్థ టర్న్‌టేబుల్‌తో ప్రచారంలోకి తెచ్చారు. 1970ల తొలినాళ్లలో గ్లాస్గోలో పుట్టిన ఎల్పీ12 కూడా ఆ దారిలోనిదే. అయితే స్ప్రింగు తన సహజ పౌనఃపున్యానికి (తనంతట తాను ఊగే వేగానికి) సుమారు 1.4 రెట్లు దాటిన కంపనాలనే ఆపగలదు, దానికి దగ్గరగా వచ్చేవాటిని పెంచుతుంది కూడా. చెక్క నేల మీద మనిషి నడిచినప్పుడు పుట్టే ఊపు సరిగ్గా ఆ దగ్గరలోనే ఉంటుంది కనుకనే బ్రిటన్ ఇళ్లలో ఎల్పీ12ను గోడకు బిగించిన అర మీద పెట్టే అలవాటు వచ్చింది. కాంక్రీటు స్లాబు మీద ఆ బాధ చాలా తక్కువ. అందువల్ల మీ ఇంట్లో స్ప్రింగుల కోసమే ఎక్కువ ఖర్చు పెట్టవలసిన అవసరం నాకు కనిపించడం లేదు.

రేగావారి ఆలోచన దీనికి భిన్నమైనది. బరువైన వస్తువు కంపనాన్ని తనలో నిలుపుకొని ఆలస్యంగా వదులుతుందని వారి వాదన. అందుకే చట్రాన్ని తేలికగా, బిగువుగా కట్టి, పళ్లేన్ని మాత్రం సెరామిక్‌తో చేస్తారు. బ్రిటన్‌కు చెందిన ఎస్ఎంఈ సంస్థ మోడల్ 30 వంటి టర్న్‌టేబుళ్లు దీనికి పూర్తిగా ఎదురు, అంతా బరువు మీదే ఆధారపడతాయి. రెండు దారుల్లోనూ అద్భుతమైన యంత్రాలు ఉన్నాయి కాబట్టి, సిద్ధాంతం కంటే దాన్ని ఎంత శ్రద్ధగా అమలు చేశారన్నదే ముఖ్యమని నా అభిప్రాయం. ఇంకొక మాట: ఆ ఎస్ఎంఈ సంస్థ 2016 నుంచి పుణెకు చెందిన కేడెన్స్ వారి చేతుల్లో ఉందన్నది మనకు సంతోషం కలిగించే విషయం.

న్యూజెర్సీ నుంచి

శ్రోత గారూ, మీ సంగీతానికి అన్నిటికంటే ముందు చూడవలసింది వేగం నిలకడ. తంబుర, నాదస్వరం, వయొలిన్ మీద సాగే దీర్ఘ స్వరాలు ఏ చిన్న ఊగిసలాటనూ దాచవు. అదే మృదంగం తని ఆవర్తనంలో ఆ లోపం ఉన్నా మనకు పట్టదు.

మోటారు రబ్బరు బెల్ట్‌తో పళ్లేన్ని తిప్పితే, ఆ బెల్ట్ మోటారు కంపనాన్ని పళ్లెం దాకా రానివ్వదు కానీ, రబ్బరు సాగుతుంది, కాలక్రమేణా గట్టిపడుతుంది. డైరెక్ట్ డ్రైవ్‌లో మోటారు ఇరుసే పళ్లెం ఇరుసు, క్వార్ట్జ్ గడియారం వేగాన్ని సరిదిద్దుతూ ఉంటుంది. పాత డైరెక్ట్ డ్రైవ్ మోటార్లలో ఇనుప కోరు (తీగచుట్టల నడుమ ఉండే ఇనుప దిమ్మ) వల్ల ఒక్కో అయస్కాంత ధ్రువం దగ్గర తిరుగుడు చిన్నగా తడబడేది. 2016లో వచ్చిన 1200జీ మోటారులో ఇనుప కోరునే తీసేశారు, అందుకే పాత అభ్యంతరాలను దీనికి వర్తింపజేయడం న్యాయం కాదు.

అమెరికా నుంచి ఎవరైనా పాత బెల్ట్ టర్న్‌టేబుల్ తెచ్చిస్తామంటే ఒకటి గుర్తుంచుకోండి. ఏసీ సింక్రనస్ మోటారు వేగం కరెంటు పౌనఃపున్యాన్ని అనుసరిస్తుంది. 60 హెర్ట్జ్‌కు చేసిన పుల్లీతో మన 50 హెర్ట్జ్ మీద తిప్పితే 33⅓ కాస్తా 27.8 అవుతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మాత్రమే మారుస్తుంది, పౌనఃపున్యాన్ని మార్చదు. పుల్లీ అయినా మార్చాలి, లేదా సొంతంగా పౌనఃపున్యాన్ని తయారుచేసుకునే విద్యుత్ సరఫరా పెట్టె అయినా కొనాలి.

అయితే ఎంత ఖరీదైన యంత్రమైనా సరిదిద్దలేనిది ఒకటుంది, అది రికార్డు నడుమ రంధ్రం. ఆ రంధ్రం గాడుల కేంద్రానికి అర మిల్లీమీటరు పక్కకు పడితే, 100 మిల్లీమీటర్ల వ్యాసార్ధం దగ్గర వేగం ప్రతి చుట్టులోనూ 0.5 శాతం అటూ ఇటూ మారుతుంది. 0.025 శాతం తేడాతో తిరిగే యంత్రానికి ఇది ఇరవై రెట్లు! ఇరుసు చుట్టూ ఉన్న కొద్దిపాటి వదులును వాడుకుని, టోన్ ఆర్మ్ పక్కకు ఊగకుండా నడిచేదాకా రికార్డును వేలితో మెల్లగా జరపడం నేర్చుకోండి. తంబుర వెంటనే తేరుకుంటుంది.

సికింద్రాబాదు శ్రోత

ఇద్దరికీ కృతజ్ఞతలు. 78 రికార్డుల విషయం కూడా చెప్పండి. సూది ఉండే కార్ట్రిడ్జ్‌ను టోన్ ఆర్మ్‌కు తగినట్టు ఎలా జోడించాలి?

విశాఖ రికార్డులు

78ల దగ్గరే మీ జాబితా కుదించుకుపోతుంది. ప్లానార్ 10లోనూ, మామూలుగా దొరికే ఎల్పీ12లోనూ ఆ వేగం లేదు, 1200జీలో ఉంది. పైగా దాని హెడ్‌షెల్ (టోన్ ఆర్మ్ చివర కార్ట్రిడ్జ్‌ను బిగించే భాగం) ఊడదీసి మార్చుకోవచ్చు. ఎల్పీ సూది మొన వ్యాసార్ధం 18 మైక్రాన్ల ప్రాంతంలో ఉంటే, 78 గాడికి 65 నుంచి 75 మైక్రాన్లు కావాలి. ఎల్పీ సూదితో 78 వేస్తే అది గాడి అడుగున దొర్లుతూ మట్టినే చదువుతుంది. రెండు హెడ్‌షెల్స్‌లో రెండు కార్ట్రిడ్జ్‌లు సిద్ధంగా ఉంచుకుంటే సరిపోతుంది.

జోడింపుకు ఒక లెక్క ఉంది. టోన్ ఆర్మ్ ప్రభావ ద్రవ్యరాశినీ (సూది దగ్గర తెలిసే దాని బరువునూ) కార్ట్రిడ్జ్, దాని స్క్రూల బరువునూ గ్రాముల్లో కూడి, కంప్లయన్స్ (సూది ఎంత సులువుగా కదులుతుందో చెప్పే) అంకెతో గుణించి, వర్గమూలం తీసి, 159ని దానితో భాగించండి. వచ్చేది టోన్ ఆర్మ్, కార్ట్రిడ్జ్ కలిసి సహజంగా ఊగే పౌనఃపున్యం. మొత్తం 20 గ్రాములు, కంప్లయన్స్ 12 అయితే సుమారు 10.3 హెర్ట్జ్ వస్తుంది. 8కీ 12కీ మధ్య ఉంటే మంచిది: వంగిన రికార్డు ఊపు దీనికి కింద ఉండిపోతుంది, సంగీతం పైన ఉంటుంది. జపాన్ తయారీదారులు కంప్లయన్స్‌ను తరచుగా 100 హెర్ట్జ్ దగ్గర కొలిచి ఇస్తారు, ఆ అంకె 10 హెర్ట్జ్ దగ్గరి అంకె కంటే తక్కువగా కనిపిస్తుంది కాబట్టి లెక్కలో నేరుగా వేయకండి. కొనే ముందు మీరు ఎంచుకున్న కార్ట్రిడ్జ్ వివరాలు ఇక్కడ పెడితే లెక్క కలిసి చూద్దాం.